అలసిపోతేనే నవల

ఆవిడ పోయిందన్న సంగతి నాకెవరూ చెప్పలేదు. నేనే చదివాను.

ఇంట్లో ఎవరూ లేని వేళ. అమ్మాయీ అల్లుడూ ఆఫీసులకు, మనవరాలు స్కూలుకు వెళ్ళిపోయారు. కుక్కరు చల్లారేలోగా చూద్దామని ఫోను తీశాను. బాపట్ల నుంచి ఆవిడ భర్త పంపిన రెండు వాక్యాలున్నాయి. నేను ఇప్పటికీ కూడబలుక్కునే చదువుతాను. ఒక్కో మాట కింద వేలు పెట్టి, పెదవులు కదుపుతూ. 'నిన్న సాయంత్రం ప్రభువునందు నిద్రించింది' అన్న చోట వేలు ఆగిపోయింది. నేను చర్చికి వెళ్ళే మనిషిని కాదు. ఆ మాటకు అర్థం ఆవిడ నవలల్లోనే నేర్చుకున్నాను.

అది నేను చదివిన మొదటి చావుకబురు. అంతకుముందు చావులన్నీ మనుషుల నోటి నుంచే వచ్చాయి. చెప్పేవాళ్ళు ముందు నా చెయ్యి పట్టుకునేవాళ్ళు, కూర్చోబెట్టేవాళ్ళు, మంచినీళ్ళు తాగావా అని అడిగేవాళ్ళు. అక్షరాలకు ఆ మర్యాద తెలియదు. ఉన్నదున్నట్టు మొహాన పెట్టేస్తాయి.

ఆ రోజు నాకు ఇంట్లో కాలు నిలవలేదు. కూర పొయ్యి మీద పెట్టి తలుపు తీసుకుని బయటికి వచ్చాను, మళ్ళీ లోపలికి వెళ్ళాను, మళ్ళీ వచ్చాను. వాళ్ళు బాపట్ల వెళ్ళిపోయాక ఆవిడ ఉన్న ఎదురు ఫ్లాట్లో ఇప్పుడు కొత్తవాళ్ళున్నారు. తలుపు పక్కన చెప్పుల స్టాండు, దాని మీద చిన్నపిల్లల బూట్లు. ఒకప్పుడు మధ్యాహ్నం దాటాక ఆ తలుపు తెరుచుకునేది. ముందు చేతిసంచీ సోఫా మీదికి విసిరిన చప్పుడు, తర్వాత చెప్పులు, తర్వాత కాసేపు ఏమీ ఉండేది కాదు. ఆ పైన నడక మొదలయ్యేది.

ఆవిడ నడుస్తూ చదివేది. ఢిల్లీ పక్కన ఇందిరాపురంలో మా అంతస్తు వరండా పొడుగైనది. తన తలుపు దగ్గర బయలుదేరి, మా తలుపు దాటి, లిఫ్టు దగ్గర తిరిగి, మెట్ల తలుపు దాకా వెళ్ళి మళ్ళీ వెనక్కి. ఒక చేతిలో పుస్తకం, రెండో చెయ్యి వీపు వెనక. కళ్ళజోడు ముక్కు చివర. పరీక్ష హాల్లో కాపలా తిరిగే టీచర్ల నడక అది. మధ్యలో లిఫ్టులోంచి ఎవరైనా దిగితే తల ఎత్తకుండానే పక్కకు తప్పుకునేది.

"కూర్చుని చదవొచ్చు కదండీ," అన్నాను పరిచయమైన కొత్తలో.

"కూర్చుంటే నిద్రొస్తుంది అక్కయ్యగారూ. నిలబడితే కాళ్ళు లాగుతాయి. నడుస్తుంటే రెండూ తెలియవు."

ఆవిడ చదివేవి క్రైస్తవ నవలలు. తెలుగువాళ్ళ ప్రార్థన కూటం, ఫెలోషిప్ అంటారు, ఆదివారం మధ్యాహ్నాలు ఒక అద్దె హాల్లో జరిగేది. ఆ హాలు మూల ఒక రేకు పెట్టె. సెలవుకు ఊరు వెళ్ళినవాళ్ళు గుంటూరు నుంచో, నరసాపురం నుంచో, అక్కడి మహాసభల్లో కొన్న పుస్తకాలు తెచ్చి అందులో పడేసేవాళ్ళు. పలచటి కాగితం, పెద్ద అక్షరాలు, అట్ట మీద కొండ, కొండ మీద సిలువ, కింద పొడుగు జడ అమ్మాయి. ఆ అమ్మాయి ఎక్కువగా నర్సు అయ్యుండేది, లేకపోతే పాదిరిగారి కూతురు. దారి తప్పిన ఒక అన్నో, నాన్నో, కాబోయే మొగుడో ఉండేవాడు. పుస్తకం అయిపోయేలోగా వాడు ఏడ్చి, మోకాళ్ళూని, తిరిగి వచ్చేవాడు.

"వీటిల్లో గొప్ప సాహిత్యమేం లేదండీ," అని తనే చెప్పేది. "ఇదిగో, ఇక్కడ పాస్టరుగారు ప్రసంగం మొదలుపెట్టాడు. ఇక ఆపడు. నేను ఈ పేజీలు తిప్పేస్తా. దేవుడు క్షమిస్తాడు. రాసినాయన క్షమించడనుకోండి."

"మరి ఎందుకు చదవడం?"

"పొద్దుణ్ణుంచీ ఎనిమిదో తరగతికి మొఘలులు ఎట్లా పడిపోయారో చెప్తా. తర్వాత మరాఠాలు ఎట్లా పడిపోయారో చెప్తా. చరిత్రలో ఒక్కడూ నిలబడడు కదా. సాయంత్రమన్నా ఎవడో ఒకడు లేవాలి."

ముందు చివరి పేజీ చదివేది, ఆ తర్వాత మొదటికి వచ్చేది. అది మోసం కాదా అని అడిగాను. "నా క్లాసులో పిల్లల్లో ఎవరు ఏమవుతారో నాకు తెలియదు. ఏ ఏటికా ఏడు సగం కథలోనే వదిలేసి పంపించాలి. వీళ్ళదన్నా ముందే తెలుసుకోనివ్వండి," అంది. చదువుతూ మనుషుల్ని మందలించేది కూడా. దారి తప్పిన అన్న మళ్ళీ అబద్ధం ఆడితే, వరండాలో నిలబడి, "ఇక చాల్లే, కూర్చో," అనేది పుస్తకంతో.

ఆవిడ బడికి తిరిగి వెళ్ళిన ఏడాది అది. పెళ్ళికి ముందు టీచరు. తర్వాత కొడుకు పుట్టడం, అత్తగారు మంచాన పడటం, భర్తకు బదిలీలు. యాభై దగ్గరపడ్డాక, కొడుకు హాస్టలుకు వెళ్ళాక, వైశాలిలో ఒక ప్రైవేటు స్కూలు ఆవిణ్ణి తీసుకుంది. ఒక ఏడాది చూస్తామన్నారు. నచ్చితే ఉంచుకుంటారు, లేకపోతే లేదు. మొదటి రోజు చీర ఇస్త్రీ చేసి, మళ్ళీ చేసి, కిందికి దిగి, సంచీ మరిచిపోయి మళ్ళీ పైకి వచ్చింది.

"ఇన్నేళ్ళూ ఒక్క విద్యార్థికే పాఠం చెప్పా," అంది, లిఫ్టు కోసం మీట నొక్కుతూ. లోపల పేపరు చదువుతున్న భర్తకు వినబడేలా. "ఒక్క పరీక్షా పాసవలేదు."

"పేపరు కష్టంగా వచ్చిందమ్మా," అన్నాడాయన లోపల్నుంచి.

ఆవిడకు కావలసింది ఒక్కటే, తరగతి గది. అది మళ్ళీ పోకూడదు. ఆ ఏడాదంతా ఆ ఒక్క భయంతోనే తిరిగింది. చలికాలం సెలవులు ప్రకటిస్తే మిగతా టీచర్లు సంబరపడేవాళ్ళు. ఈవిడ మాత్రం సిలబస్ వెనకపడుతుందని వరండాలో రెట్టింపు వేగంతో నడిచేది.

సాయంత్రాలు నేను మా గుమ్మం ముందు పీట వేసుకుని చిక్కుడుకాయలో, వెల్లుల్లిపాయలో ముందేసుకుని కూర్చునేదాన్ని. ఆవిడ నన్ను దాటుతూ ఒక వాక్యం, తిరిగొస్తూ ఒక వాక్యం గట్టిగా చదివేది. అట్లా మొదలై, క్రమంగా మొత్తం కథ నాకు వినిపించడం అలవాటైంది. మా అల్లుడు ఒకసారి లిఫ్టు దిగుతూ విని, "జాగ్రత్త అత్తయ్యా, ఆవిడ మిమ్మల్ని చర్చికి లాక్కుపోతుంది," అన్నాడు. ఆవిడ ఆగింది. "బాబూ, దిద్దాల్సిన ఆన్సరు పేపర్లు బెడ్రూమునిండా ఉన్నయ్యి. ఎవర్నన్నా లాక్కుపోయే తీరిక ఉంటే ముందు మా ఆయన్ని ఆదివారం సమయానికి లాక్కుపోతా," అంది. అల్లుడు నవ్వుకుంటూ లోపలికి వెళ్ళాడు.

నాకు చదవడం రాదని ఆవిడకు తెలియదు. మాది చీరాల, మగ్గాల ఇల్లు. ఆడపిల్ల బడికి పోతే కండెలు ఎవరు చుడతారని మా నాయన అడిగాడు. మా అమ్మ రాట్నం నా ముందు పెట్టింది. ఢిల్లీ వచ్చాక బోర్డులన్నీ హిందీలోనే కాబట్టి నాకు తెలుగు చదవడం కూడా రాదని ఎవరికీ అనుమానం రాలేదు. ఆవిడ పుస్తకం చేతికిస్తే అట్ట బొమ్మ చూసి, "కళ్ళజోడు లోపలుందండీ," అని తిరిగిచ్చేదాన్ని.

ఆ నవంబరులో పొగ దిగింది. ఏటా దిగేదే. ఎదుటి టవరు కనబడకుండా పోయింది, కళ్ళు మండాయి, మనవరాలు దగ్గుతూ పడుకుంది. ఆవిడ గొంతు ముందు బొంగురుపోయింది, తర్వాత మాట మధ్యలో తెగిపోసాగింది. డాక్టరు చూసి, స్వరపేటికలో పొక్కుల్లాంటివి వచ్చాయన్నాడు. ఒక్క మాట కూడా మాట్లాడకుండా కొన్ని వారాలు ఉండమన్నాడు.

"సెలవు పెడితే ఇంకొకరిని పెట్టుకుంటారు," అంది నాతో. మళ్ళీ గొంతు వచ్చేదాకా ఆవిడ ఇంట్లో మాట్లాడిన ఆఖరి మాట అదే. స్కూల్లో నడుముకు చిన్న మైకు కట్టుకుని, పాఠం మేరకు మెల్లగా మాట్లాడేది. ఇంటికి వస్తే నోరు కుట్టేసినట్టే. మిగిలిన గొంతంతా తరగతికే దాచేది.

ఆవిడ భర్త వరండాలో నన్ను చూసి, "పెళ్ళయ్యాక మొదటిసారి నా వాక్యం చివరిదాకా చెప్పగలుగుతున్నానండీ," అన్నాడు. వెనకనుంచి దిండు వచ్చి ఆయన వీపుకు తగిలింది.

కానీ నవల సగంలో ఆగిపోయింది. అందులో నర్సమ్మాయి, పాదిరిగారి కూతురు. నాన్న కుదిర్చిన సంబంధం కాదన్నదని ఆయన ఏళ్ళ తరబడి ఆమెతో మాట్లాడటం లేదు. ఇప్పుడు ఆయనకు జబ్బు చేసిందని కబురొస్తే గోదావరి దాటి లంకలోని ఇంటికి బయలుదేరింది. పడవ దిగి గట్టు మీద నడుస్తోంది. అక్కడ ఆగింది. నాకు చిక్కుడుకాయల మీద మనసు పోవడం మానేసింది. ఆ పిల్ల గట్టు మీద ఎన్నాళ్ళు నిలబడుతుంది? ఆవిణ్ణి చూస్తే చాలు, "నాన్న మాట్లాడాడా?" అని అడిగేదాన్ని. ఆవిడ పెదవుల మీద వేలు పెట్టుకుని నడిచిపోయేది.

మాట్లాడటానికి బదులు ఒక చిన్న తెల్లబోర్డు కొనుక్కుంది. దాని మీద రాసి చూపించేది. నేను తల ఊపేదాన్ని. అందరూ ఊపుతున్నట్టే.

ఒక శనివారం నేను వాళ్ళింటికి వెళ్ళాను. ఆవిడ తువ్వాలు భుజాన వేసుకుని, బోర్డు మీద ఏదో రాసి నాకు చూపించింది. నేను తల ఊపి నవ్వాను. ఆవిడ స్నానానికి వెళ్ళింది. నేను బాల్కనీలో కరివేపాకు కుండీ చూస్తూ నిలబడ్డాను. మాడు వాసన వచ్చేసరికి ఆలస్యమైంది. పొయ్యి మీద పాలు పొంగి, ఆరి, గిన్నె నల్లబడిపోయింది.

ఆవిడ తడిజుట్టుతో పరుగెత్తుకొచ్చింది. కేక వేయడానికి నోరు తెరిచింది, గుర్తొచ్చి మూసింది. బోర్డు తీసి, దాని మీది మాటలు చూసింది. తర్వాత నన్ను చూసింది. నేను గోడ చూశాను.

ఎందుకు చెప్పలేదని అడగలేదు. జాలిపడలేదు. నా భుజం మీద చెయ్యి కూడా వెయ్యలేదు. బోర్డు తుడిచేసి, మాడిన గిన్నె ఎత్తి నా ముందు పట్టుకుని, అడుగున మిగిలినదాన్ని వేలితో చూపించింది. ఏమిటిది అన్నట్టు కనుబొమలెగరేసింది.

"పాలు," అన్నాను.

'పా' అని రాసింది. మళ్ళీ చూపించింది. నేను మళ్ళీ "పాలు" అన్నాను. 'పాలు' అని పూర్తిచేసి, మార్కరు నా చేతిలో పెట్టింది. ఊళ్ళో పిల్లలకు పళ్ళెంలో బియ్యం పోసి వేలు పట్టి దిద్దిస్తారు. నాకు మాడిపోయిన పాలతో మొదలైంది.

నోరు తెరవని టీచరు దగ్గర చదువుకోవడం ఎట్లా ఉంటుందో చెబితే నమ్మరు. ఆవిడ ఒక వస్తువు ఎత్తి చూపించాలి, నేను దాని పేరు గట్టిగా చెప్పాలి, మొదటి అక్షరం ఆవిడ రాయాలి. తర్వాత ఆట తిరగబడింది. ఆవిడ అక్షరం రాసేది, నేను దానికి సరిపడేది వంటింట్లోంచి పట్టుకు రావాలి. 'ర' రాస్తే రాజ్మా డబ్బా తెచ్చాను. తల అడ్డంగా ఊపి, దీర్ఘం పెట్టి పక్కన ఇంకోటి రాసి, అప్పుడు డబ్బా తీసుకుంది. 'ఘ' రాసిన రోజు ఇల్లంతా గాలించాను. గరిటె, గంట, గుమ్మడికాయ, ఏది తెచ్చినా గోరుతో బోర్డు మీద కొట్టేది. చివరికి కోపమొచ్చి నెయ్యి సీసా పట్టుకుపోయి, "మా మనవరాలు దీన్ని ఘీ అంటుంది, ఇదే మీకు దిక్కు," అన్నాను. ఆవిడ చప్పుడు లేకుండా నవ్వీ నవ్వీ గోడకు ఆనుకుంది.

నేను వంటింట్లోంచి వరండాలోకి పరుగెడుతూ, "చపాతీ కర్ర! జల్లెడ! అట్లకాడ!" అని అరుస్తుంటే చివరి ఫ్లాటు పంజాబీ ఆవిడ తలుపు తీసింది.

"ఆంటీజీ, కిస్సే ఝగడా హో రహా హై?"

"ఝగడా నహీ బేటీ, పఢాయీ," అన్నాను, పోట్లాట కాదు చదువని.

ఆమె ఎదురుగా నోరు మూసుకుని బోర్డు పట్టుకున్న టీచరునీ, ఆయాసపడుతున్న నన్నూ చూసి, "అచ్ఛా," అని మెల్లగా తలుపు వేసుకుంది.

చలి ముదిరి, మళ్ళీ తగ్గే వేళకు నేను ఆ నవల పట్టుకున్నాను. ఇప్పుడు నేను చదవాలి, ఆవిడ నడవాలి. తప్పు చదివితే గాజులు చప్పుడు చేసేది. నర్సమ్మాయి గట్టు దాటడానికి నాకు చాలా రోజులు పట్టింది. ఇంటి గుమ్మం ఎక్కింది. మంచం మీద నాన్న కళ్ళు తెరిచాడు. నేను వేలు పెట్టుకుని ఆ తర్వాతి మాట కూడబలుక్కున్నాను. 'అన్నం తిన్నావా?' అన్నాడాయన.

"ఇంతేనా?" అన్నాను. "ఇన్నేళ్ళ తర్వాత ఇదా అడగడం?" అన్నానే కానీ కళ్ళు తుడుచుకున్నాను. ఆవిడకు ఇది మొదటి రోజే తెలుసు. ఒక్క సైగతో కూడా చెప్పలేదు.

గొంతు కొంత తిరిగి వచ్చింది. పాత గొంతు కాదు, ఇసుక మీద రేకు లాగినట్టుండేది. పెద్ద పరీక్షలు అయ్యేదాకా ఆవిడ మైకుతోనే నెట్టుకొచ్చింది. ఏప్రిల్లో ప్రిన్సిపాల్ పిలిపించింది.

ఆ మధ్యాహ్నం ఆవిడ భర్త చెబితే తెలిసింది. ఆవిణ్ణి తీసెయ్యలేదు. ఉంచుకున్నారు, ఖాయం చేశారు. గొంతు దృష్ట్యా తరగతి బదులు లైబ్రరీ ఇచ్చారు. నేను సంతోషపడి సున్నుండలు చేసి తీసుకెళ్ళాను. ఆవిడ సోఫాలో కూర్చుని ఉంది. ఆవిడ అట్లా కదలకుండా కూర్చోవడం నేను అంతకుముందు చూడలేదు.

"దేవుడు మీకోసమే రాసిపెట్టినట్టుందండీ టీచరుగారూ. రోజంతా పుస్తకాలు, గొంతుకు విశ్రాంతి!"

"మీరు కూడా అదే అన్నారా?" అంది. "మా ఆయన అదే అన్నారు. ఫెలోషిప్‌లో పాస్టరు అయ్యగారు ఫోన్లో స్తోత్రం కూడా చెప్పారు. ప్రిన్సిపాల్ అయితే బహుమతి ఇస్తున్నట్టు నవ్వింది. 'మేడమ్, యూ లవ్ బుక్స్' అంది."

"ఇష్టమే కదా మరి?"

"ఆకలేసినవాడికి అన్నం ఇష్టమే. తీసుకుపోయి వంటశాలలో కూర్చోబెట్టి, ఇక నువ్వు ఏ పనీ చెయ్యొద్దురా అంటే వాడేం తింటాడు అక్కయ్యగారూ? ఆ పిల్లలు నన్ను పీల్చి పిప్పి చేస్తేనే సాయంత్రం నాకు ఈ నవల. అలసిపోకుండా ఎట్లా చదవను?"

సున్నుండ తీసుకుంది కానీ తినలేదు. చేతిలోనే పొడి పొడి చేసేసింది.

ఆ వేసవి తర్వాత ఆవిడ నవల ముట్టుకోలేదు. ఫెలోషిప్ పెట్టెలోంచి తెచ్చిన కొత్త పుస్తకం ఫ్రిజ్ మీద అట్లాగే ఉండేది. నాకేమో అప్పుడే చదువు ఆకలి పట్టుకుంది. తెలియని మాటలు ఎత్తుకుని వెళితే, పరధ్యానంగా చెప్పేది. మా టవరు వెనక ఏదో స్కూలు ఉంది. దాని గంట మోగితే తల ఎత్తేది. "మాకు ఇప్పుడు నాలుగో పీరియడు," అనేది, తనకు సెలవున్న రోజు కూడా.

ఎవరైనా టీచరు రాకపోతే లైబ్రరీ మేడమ్‌ను ఆ తరగతిలో కూర్చోబెట్టేవాళ్ళట. పొద్దున్నే ఆవిడ ముందు చూసేది ఎవరు రాలేదనే. "నిన్న ప్రార్థనలో ఏం జరిగిందో తెలుసా?" అంది ఒకరోజు, గొంతు ఇంకా తగ్గించి. "జ్వరమొచ్చినవాళ్ళ కోసం ప్రార్థన చెయ్యబోయి, జ్వరం రావాలని చెయ్యబోయాను. చటుక్కున నాలుక కరుచుకుని, సైన్సు మేడమ్ పేరు చెప్పి, ఆమె పిల్లాపాపలతో చల్లగా ఉండాలని అడిగి లేచా."

"మీ నవలల్లో అయితే ఈపాటికి ఎవరో ఒకరు ఏడ్చి దారికి వచ్చేవాళ్ళు."

"మా ప్రిన్సిపాల్ నవల్లో మనిషి కాదండీ. ఆమె దగ్గరికి మనమే పోవాలి," అంది. అని, లేచి నిలబడింది. అప్పుడే ఆ ఆలోచన వచ్చినట్టుంది. "ఇట్లా రండి. ఈ కుర్చీలో కూర్చోండి. మీరు ప్రిన్సిపాల్."

"నేనా!"

"కాలు మీద కాలు వేసుకోండి. ఆఁ. ఇప్పుడు నన్ను అడగండి."

నేను కాలు మీద కాలు వేసుకుని, కొంగు సర్దుకున్నాను. "ఏమ్మా, గొంతు పోయిన మనిషివి, తరగతి ఎట్లా చెప్తావు?"

"పోలేదు మేడమ్, తగ్గింది. పిల్లలు నా మాట వినాలంటే వాళ్ళే తగ్గుతారు."

"తగ్గకపోతే? ఢిల్లీ పిల్లలు. నెత్తినెక్కి కూర్చుంటారు."

"అరిచి ఎవర్నీ నేను ఎప్పుడూ కూర్చోబెట్టలేదు మేడమ్."

"సరే పోనీ, తీసుకో. ఇచ్చేశాను."

"అయ్యో, అంత తొందరగా ఇవ్వదండీ ఆమె!" అని ఆవిడ నెత్తి కొట్టుకుంది. "ఇంకా బిగించండి. రేపు గొంతు పూర్తిగా పోతే బాధ్యత ఎవరిదని అడగండి."

నేను అడిగాను. ఆవిడ నడక మొదలుపెట్టింది. కిటికీ దాకా వెళ్ళి తిరిగి వచ్చింది. "పోతే పోతుంది," అంది చివరికి. అది ప్రిన్సిపాల్‌కు చెప్పే జవాబు కాదు. "ఇంట్లో దాచి ఏం చేసుకోను దాన్ని?"

నేను కాలు దించేశాను. అప్పటిదాకా తమాషాగా ఉన్నది ఒక్కసారిగా తమాషా కాకుండా పోయింది. లోపలి గదిలోంచి ఆవిడ భర్త వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. ఎప్పట్నుంచి వింటున్నాడో మరి. "వెళ్ళి అడుగు," అన్నాడు. "కాదంటే నేనున్నాగా, నా మీద అరుద్దువు గాని."

మర్నాడు వెళ్ళి అడిగింది. ప్రిన్సిపాల్ చాలాసేపు బిగించిందట, నాకంటే ఎక్కువే. చివరికి ఒక్క సెక్షన్ ఇచ్చింది. ఆరో తరగతిలో ఎవరూ వద్దనుకునే సెక్షన్, అదీ ఆఖరి పీరియడు. పిల్లలు సంచులు భుజాన వేసుకుని గంట కోసం చూసే వేళ. నెల రోజులు చూస్తానంది. ఆవిడ ఆ రాజ్యమంతా తనకే రాసిచ్చినట్టు ఇంటికి వచ్చింది.

మొదటి రోజు పాఠం చెప్పి వచ్చిన సాయంత్రం నేను పిండి కలుపుతున్నాను. తలుపు దబదబా కొట్టిన చప్పుడు. తీస్తే ఆవిడే. జుట్టు రేగిపోయి ఉంది, చెంప మీద మార్కరు సిరా, తెగిన చెప్పు ఒకటి చేతిలో. తన ఇంటి తాళం కూడా తియ్యకుండా నేరుగా వచ్చేసింది.

"మంచినీళ్ళు," అంది. శబ్దం లేదు, గాలి మాత్రమే.

తాగి, మా గడప మీదే కూలబడింది. కాళ్ళు వరండాలోకి చాపేసింది.

"చంపేశారండీ," అంది. "నిలువునా చంపేశారు. నాకు కళ్ళు కూడా కనబడటం లేదు. మా ఇంట్లో ఫ్రిజ్ మీద కొత్త నవల ఉంది, తెచ్చి మీరే చదవండి. నాకు ఓపిక లేదు."

తాళం తీసుకుని వెళ్ళి పుస్తకం తెచ్చాను. పిండి చేతులు కడుక్కుని, పక్కన చతికిలబడి, మొదటి పేజీ తిప్పి వేలు పెట్టాను. రాజమండ్రి స్టేషన్లో రైలు ఆగి ఉంది. ఒక యువకుడు కిటికీ పక్కన తల వంచుకుని కూర్చున్నాడు.

"ఆగండి," అంది ఆవిడ. "కిటికీ పక్కన ఒకడున్నాడు మా క్లాసులో. అశోకుడు యుద్ధాలు ఎందుకు మానేశాడో చెప్పరా అంటే ఏమన్నాడో తెలుసా? 'మ్యామ్, లాస్ట్ పీరియడ్ హోగా' అన్నాడు. ఆఖరి పీరియడై ఉంటుందట!"

నవ్వబోయి దగ్గింది. దగ్గుతూనే నవ్వింది. మాట్లాడకండి, గొంతు, అన్నాను. తల ఊపింది. నేను మళ్ళీ వేలు పెట్టాను. యువకుడు తల ఎత్తి బయటికి చూశాడు.

"ఒక్క నిమిషం అక్కయ్యగారూ, వాడి వెనక బెంచీలో ఒక పిల్ల. పాఠం సాంతం గోళ్ళు కొరుకుతూ కూర్చుంది, గంట కొట్టాక నా దగ్గరికొచ్చి..."

ఆ సాయంత్రం రైలు రాజమండ్రి దాటలేదు.